గరగరమంటున్న అక్వేరియం ఫిల్టర్: మోతను బట్టి కారణం పట్టుకోవడం

రెండడుగుల ట్యాంకు, వెనక అద్దానికి తగిలించిన హ్యాంగింగ్ ఫిల్టర్, కొని ఏడాది కూడా కాలేదు. పోయిన వారం కడిగి మళ్లీ బిగించినప్పటి నుంచి గరగరమని మోత. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది ఇంకా పెరుగుతోంది. ట్యాంకు ఉన్న గదిలోనే పడుకుంటారు కాబట్టి రాత్రి ఫిల్టర్ ఆపేసి పొద్దున్నే వేస్తున్నారు. అమ్మినవాళ్లను అడిగితే మోటారు పోయింది, మార్చేయమన్నారు. మీరు చెప్పిన వివరాలు ఇవి. వీటిని బట్టి చూస్తే మోటారు పోయిందని నాకు అనిపించడం లేదు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మాత్రం, రాత్రి పూట ఆపడం ఈ రోజు నుంచే మానేయండి.

ఎందుకంటే పగలు లైటు ఉన్నంతసేపు మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి. లైటు ఆరిపోయాక అవి కూడా చేపలతో పాటు ఆక్సిజన్ తీసుకుంటాయే తప్ప ఇవ్వవు. అందుకే ట్యాంకులో ఆక్సిజన్ బాగా తగ్గిపోయే వేళ తెల్లవారుజాము. ఫిల్టర్ నుంచి పడే నీళ్లు పైపొరను కదిలిస్తూ ఉంటే గాలిలోని ఆక్సిజన్ లోపలికి దిగుతూ ఉంటుంది. సరిగ్గా అవసరమైన వేళకే మీరు దాన్ని ఆపేస్తున్నారు. ఎండాకాలంలో ఇది ఇంకా ప్రమాదం. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో దాదాపు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నర మిల్లీగ్రాములే. పైగా ఫిల్టర్ డబ్బాలో ఉండే మేలు చేసే బ్యాక్టీరియాకు కూడా ఆక్సిజన్ కావాలి. నీళ్లు కదలకపోతే అది గంటల్లో నీరసించిపోతుంది. పొద్దున్నే స్విచ్ వేయగానే ఆ నిలవ నీళ్లన్నీ ట్యాంకులోకే వస్తాయి. మీ చేపలు ఉదయం పూట పైకి వచ్చి నోరు తెరుస్తూ మూసుకుంటూ కనిపిస్తున్నాయంటే కారణం ఇదే కావచ్చు.

మోత సంగతి తేలేదాకా ఫిల్టర్‌ను అలాగే నడవనివ్వండి. వీలైతే ఈ ఒకటి రెండు రాత్రులు మీరే వేరే గదిలో పడుకోండి. అది కుదరకపోతే ట్యాంకులో ఒక ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపు పంపే గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి, రాత్రంతా దాన్ని నడపండి. ఇది తాత్కాలికం మాత్రమే.

ఇక మోటారు విషయం. ఈ ఫిల్టర్ల మోటారు కట్టుబడి తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. రాగి తీగ చుట్టిన కాయిల్‌ను ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, నీరు చొరకుండా రెసిన్ పోసి మూసేస్తారు. అందులో కదిలే భాగం ఏదీ లేదు. కదిలేదంతా బయట, నీళ్లలోనే ఉంటుంది. స్తంభంలా ఉండే ఒక అయస్కాంతం, దాని తల మీద రెక్కల చక్రం, మధ్యలో సన్నటి షాఫ్ట్, షాఫ్ట్ కొసలకు చిన్న రబ్బరు బుష్‌లు. ఈ మొత్తాన్నీ ఇంపెల్లర్ అంటారు. అది కూర్చుని తిరిగే గుంతను ఇక్కడ గూడు అంటాను. కాయిల్‌లో కరెంటు దిశ మారినప్పుడల్లా అయస్కాంతం తిరుగుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 3000 చుట్లు, 60 హెర్ట్జ్ మీద 3600 చుట్లు. ఇంత వేగంగా తిరిగే వస్తువుకు నూనె, గ్రీజు ఏమీ ఉండవు. షాఫ్ట్‌కూ అయస్కాంతానికీ మధ్య ఉండే పలచటి నీటి పొరే అన్నీ. రాపిడిని తగ్గించేది ఆ నీళ్లే, వేడిని లాగేసేదీ ఆ నీళ్లే.

కాయిల్ కాలిపోతే ఫిల్టర్ మామూలుగా చప్పుడు లేకుండా ఆగిపోతుంది. గోల చేస్తోందంటే కాయిల్ బతికే ఉంది, అయస్కాంతం తిరుగుతోంది, లేదా తిరగడానికి తంటాలు పడుతోంది. అంటే లోపం ఆ తిరిగే చిన్న ముక్క దగ్గరో, దాని చుట్టూ ఉన్న నీళ్లలోనో, ఫిల్టర్ దేనికి ఆనుకుని ఉందో అక్కడో ఉంటుంది. ఈ మూడింటినీ ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. మోటారు మార్చేయమని సలహా ఇవ్వడం తేలిక. కానీ వినకుండా, విప్పి చూడకుండా ఆ మాట అనకూడదని నా అభిప్రాయం.

విప్పే ముందు ఒక్క ఐదు నిమిషాలు వినండి. గదిలో ఫ్యాన్, టీవీ ఆపేయండి. ఎయిర్ పంపు ఉంటే అదీ ఆపండి. చాలామంది ఫిల్టర్‌ను అనుమానిస్తారు గానీ, గుయ్ మనేది పక్కనున్న ఎయిర్ పంపు అయి ఉంటుంది. ఇప్పుడు ఫిల్టర్ మీద అరచేయి ఆనించి మెల్లగా నొక్కండి. మోత తగ్గిందా? తర్వాత ట్యాంకు మూత ఎత్తి పక్కన పెట్టండి. తగ్గిందా? ఫిల్టర్‌ను అద్దం మీద ఒక వేలెడు పక్కకు జరపండి. ఈ మూడింటిలో దేనితోనైనా మోత మారితే ఫిల్టర్ లోపల పెద్ద తప్పేమీ లేదు. దాని కంపనం అద్దానికో మూతకో గోడకో అంటుకుని పెద్దదవుతోంది. మారకపోతే లోపలికి వెళ్లాలి.

మోత స్వభావం కూడా చాలా చెబుతుంది. సన్నగా, ఆగకుండా వచ్చే గుయ్ అనే శబ్దం కాయిల్ సహజ శబ్దం. కరెంటు దిశ మారే ప్రతిసారీ అయస్కాంత బలం పెరిగి తగ్గుతుంది కాబట్టి 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు కంపిస్తుంది. చెవి దగ్గర పెడితే వినిపించాలి, గది అవతలి నుంచి వినిపించకూడదు. గలగల, బుడబుడ అని వస్తూ పోతూ ఉంటే లోపల గాలి చిక్కుకుంది. టకటకమని లయగా కొడుతుంటే ఇంపెల్లర్ వదులుగా ఉంది, లేదా ఒక రెక్క విరిగింది, లేదా బుష్ పడిపోయింది. గరగరమని రాపిడి వినిపిస్తే ఇసుక రేణువు, నత్త గుల్ల ముక్క, పేరుకున్న సున్నం, అరిగిన షాఫ్ట్ వీటిలో ఏదో ఒకటి. గుయ్ మంటూ నీళ్లు మాత్రం రాకపోతే ఇంపెల్లర్ ఇరుక్కుంది. ఈ చివరి దాన్ని అలాగే వదిలేయకండి. తిరగలేని మోటారు వేడెక్కుతుంది, వెంటనే ప్లగ్ తీసేయాలి.

స్విచ్ వేయగానే ఒకటి రెండు సార్లు టక్ మని, ఆ శబ్దం ఆగిపోతే కంగారు పడొద్దు. ఈ రకం మోటారుకు ఫలానా వైపే తిరగాలనే నియమం లేదు. మొదలయ్యే క్షణంలో అది అటూ ఇటూ ఊగి, ఏదో ఒక వైపు పట్టు దొరకగానే తిరగడం మొదలుపెడుతుంది. అందుకే చాలా ఇంపెల్లర్లలో రెక్కల చక్రం అయస్కాంతం మీద కొంత మేర స్వేచ్ఛగా తిరిగేలా చేస్తారు. చేత్తో తిప్పితే కాస్త వదులుగా తిరిగి ఒక చోట ఆగినట్టు తెలుస్తుంది. దాన్ని చూసి విరిగిపోయిందనుకుని బంక పెట్టి అతికించేవాళ్లున్నారు. అలా చేస్తే మోటారు మొదలవ్వడమే కష్టమవుతుంది.

మీ విషయంలో మోత కడిగిన తర్వాత మొదలైంది. నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యమైన ఆధారం. అంతకుముందు నిశ్శబ్దంగా ఉన్నది, విప్పి బిగించాక మోగుతోందంటే బిగింపులోనే ఏదో తేడా వచ్చింది. ఇంపెల్లర్ పూర్తిగా కిందికి కూర్చోకపోవడం, నీళ్లు లాగే గొట్టం చివరిదాకా దిగకపోవడం, కడిగేటప్పుడు రబ్బరు బుష్ జారి సింకులో పడిపోవడం, ఇసుక రేణువు లోపలికి చేరడం. నేను చూసిన ఫిల్టర్లలో ఎక్కువసార్లు ఈ నాలుగింటిలో ఏదో ఒకటే తేలింది. చాలా మోడళ్లలో ఆ గొట్టం అడుగు భాగం ఇంపెల్లర్ గూడుకు పైకప్పులా పనిచేస్తుంది. అది అర అంగుళం పైకి ఉన్నా ఇంపెల్లర్ పైకి లేచి గొట్టానికి కొట్టుకుంటుంది. కాబట్టి మొట్టమొదట ఆ గొట్టాన్ని గట్టిగా కిందికి నొక్కి, కాస్త తిప్పి చూడండి. చాలాసార్లు కథ అక్కడితోనే ముగుస్తుంది.

ముగియకపోతే విప్పాల్సిందే. చేయి నీళ్లలో పెట్టే ముందు ఫిల్టర్‌ది, హీటర్‌ది, లైటుది అన్ని ప్లగ్గులూ తీసేయండి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గే తీయాలి. తీగ ప్లగ్గు దగ్గరికి నేరుగా వెళ్లకుండా కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే, తీగ వెంట జారే నీటి చుక్కలు ఆ వంపు దగ్గరే కింద పడతాయి, సాకెట్ దాకా పోవు. ఇది ఎప్పటికీ అలాగే ఉంచండి.

ట్యాంకులోని నీళ్లు కొన్ని ఒక బకెట్లోకి తీసుకుని, ఫిల్టర్‌లోని స్పాంజ్, సిరామిక్ రింగులు అందులో వేసి పక్కన పెట్టండి. ఈ రోజు వాటిని కడగకండి. మనం సరిచేసేది మోతను మాత్రమే, వాటితో ఇప్పుడు పని లేదు. తర్వాత గొట్టం లాగేసి, ఇంపెల్లర్‌ను బయటికి తీయండి. అయస్కాంతం గూడును గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి కొంచెం బలం కావాలి. రెక్కలను పట్టుకారుతో లాగితే విరుగుతాయి. చక్రం మొదట్లో, మెడ దగ్గర పట్టుకుని నిలువుగా పైకి లాగండి. పక్కకు వంచకండి. షాఫ్ట్ సిరామిక్‌ది అయితే ఇనుములా గట్టిగా అనిపిస్తుంది గానీ చిన్న వంపుకే పుటుక్కున విరుగుతుంది.

బయటికి వచ్చాక దాన్ని వెలుతురులో తీరిగ్గా చూడండి. అయస్కాంతం మీద గోధుమ రంగు జిగురు పాచి ఉంటే అది మామూలే, పాత టూత్‌బ్రష్‌తో పోతుంది. షాఫ్ట్ చుట్టూ తల వెంట్రుక, మొక్కల వేరు, నార లాంటిది చుట్టుకుని ఉందేమో చూడండి. వెంట్రుక తడిలో కనిపించదు, గోరుతో గీరితే తెలుస్తుంది. రెక్కలన్నీ లెక్కపెట్టండి. ఒకటి విరిగినా బరువు ఒక పక్కకు తూగి చక్రం కొట్టుకుంటుంది. షాఫ్ట్ మీద వేలితో నిమిరితే గాడి పడినట్టు తగిలితే అరిగిపోయినట్టే. షాఫ్ట్ విడిగా వచ్చే రకమైతే అద్దం ముక్క మీద దొర్లించండి. వంగి ఉంటే దొర్లేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది. బుష్‌లు రెండూ ఉన్నాయా? ఒకటి గూడు అడుగున అంటుకుపోయి ఉండవచ్చు, టార్చ్ వేసి చూడండి.

అయస్కాంతం పైపూత పగిలి, ఒక చోట ఉబ్బినట్టు ఉంటే దాన్ని మళ్లీ వాడకండి. లోపలికి నీరు చేరి అయస్కాంతం తుప్పు పడుతోందని అర్థం. ఉబ్బిన చోట గూడు గోడకు రాసుకుని గరగరమంటుంది. దాన్ని గీకి సన్నం చేసి వాడుకునే ప్రయత్నం కొందరు చేస్తారు. నేను ఒప్పుకోను. ఆ తుప్పు, ఆ లోహం నేరుగా చేపల నీళ్లలోకి వెళతాయి. ఇంపెల్లర్ విడిగా దొరుకుతుంది, ఫిల్టర్ వెనక రాసి ఉన్న మోడల్ నంబర్ సరిగ్గా చూసి అదే తెచ్చుకోండి. రెక్కల కొలత ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా కొత్త మోత మొదలవుతుంది.

ఇంపెల్లర్ బాగానే ఉంది కదా అని గూడును వదిలేయొద్దు. ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. ఇంపెల్లర్‌ను తళతళలాడేలా తోమి, గూడు అడుగున పేరుకున్న బురదను అలాగే ఉంచేస్తారు. సీసాలు కడిగే సన్నటి బ్రష్ గానీ, పుల్లకు చుట్టిన దూది గానీ లోపలిదాకా పెట్టి తిప్పండి. నల్లటి జిగురు వస్తుంది, అది రావడం ఆగేదాకా చేయండి. అడుగున ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా సరే, నిమిషానికి 3000 సార్లు దాని మీదుగా అయస్కాంతం తిరుగుతుంది.

మీ ట్యాంకులో నల్ల ఇసుక వేశారా? వేసి ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. ఆరిన ఇసుక కొంచెం కాగితం మీద పోసి, కాగితం కింద అయస్కాంతం కదపండి. రేణువులు దాని వెంట నడిస్తే ఆ ఇసుకలో ఇనుప ఖనిజం ఉంది. అలాంటి ఇసుకను ఇంపెల్లర్ తనంతట తానే లాక్కుని ఒళ్లంతా పట్టించుకుంటుంది. కడిగినా వారంలో మళ్లీ మొదలవుతుంది. అప్పుడు నీళ్లు లాగే గొట్టం నోటిని ఇసుకకు బాగా ఎత్తులో ఉంచి, దానికి ముతక స్పాంజ్ ఒకటి తొడగడం ఒక్కటే మందు. ఆ స్పాంజ్ చిన్న నత్తలను, చేప పిల్లలను కూడా కాపాడుతుంది. కానీ దాన్ని వారానికోసారి పిండాలి. మూసుకుపోతే మోటారుకు నీళ్లు చాలక అదో కొత్త మోత.

నీళ్లలో ఉప్పదనం, సున్నం ఎక్కువగా ఉండే చోట షాఫ్ట్ మీద, గూడు గోడల మీద తెల్లటి పెచ్చు కడుతుంది. బ్రష్‌కు అది లొంగదు. మామూలు తెల్ల వెనిగర్‌లో ఇంపెల్లర్‌ను అరగంట నానబెట్టండి, మొండిగా ఉంటే ఇంకొన్ని గంటలు. గూడులో కూడా వెనిగర్ పోసి ఉంచవచ్చు. ఆ తర్వాత మంచి నీళ్లతో బాగా కడిగి, వాసన పోయాకే బిగించండి. సబ్బు, గిన్నెలు తోమే ద్రవం దగ్గరికి రానీయకండి. వెనిగర్‌లో బ్లీచింగ్ పౌడర్ గానీ బ్లీచ్ గానీ ఎప్పుడూ కలపకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది మనకే ప్రమాదం.

షాఫ్ట్‌కు కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె, గ్రీజు రాయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి రాయకండి. ముందే చెప్పాను, దానికి నీళ్లే చాలు. నూనె నీటి పైన పొరలా తేలి గాలి లోపలికి దిగకుండా అడ్డుకుంటుంది.

బిగించేటప్పుడు కింది బుష్ గూడు అడుగున కూర్చుందని చేత్తో తడిమి చూసుకుని, ఇంపెల్లర్‌ను నిలువుగా వదలండి. అయస్కాంతమే దాన్ని లోపలికి లాక్కుంటుంది. వేలితో తిప్పితే కాస్త పట్టిపట్టి తిరగాలి, అది అయస్కాంతం పట్టు. గోడకు రాసుకుంటున్నట్టు మాత్రం ఉండకూడదు. గొట్టం చివరిదాకా దించండి. డబ్బాను ట్యాంకు నీళ్లతో అంచుదాకా నింపి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టండి. పొడిగా తిప్పితే కొద్దిసేపటికే షాఫ్ట్ అరుగుతుంది. మొదటి పది పదిహేను నిమిషాలు బుడగలతో గలగలమంటుంది, అది గాలి బయటికి పోవడమే. కొత్త స్పాంజ్ వేస్తే దాని రంధ్రాల్లోని గాలి ఒకటి రెండు రోజుల దాకా పోతూనే ఉంటుంది.

ఇప్పుడు కరెంటు పోయి వచ్చినప్పుడు మోత ఎందుకు పెరుగుతోందో చూద్దాం. కరెంటు పోగానే డబ్బాలోని నీళ్లు గొట్టం గుండా ట్యాంకులోకి వెనక్కి దిగిపోతాయి. ట్యాంకులో నీటి మట్టం ఎంత తక్కువగా ఉంటే అంత ఎక్కువగా దిగుతాయి. మళ్లీ కరెంటు రాగానే మోటారుకు నీళ్లతో పాటు గాలి తగులుతుంది. ఆ గాలిని నెట్టలేక గరగరలాడుతుంది. ఒక్కోసారి నీళ్లు అసలు ఎక్కించుకోలేక పొడిగానే తిరుగుతుంది. పగలైతే మీరు చూసి నీళ్లు పోస్తారు, ఇంట్లో ఎవరూ లేనప్పుడైతే గంటల కొద్దీ అలాగే నడుస్తుంది. దీనికి మందు చాలా తేలిక. నీటి మట్టాన్ని ఎప్పుడూ ఫిల్టర్ నీళ్లు పోసే పెదవికి ఒకటి రెండు సెంటీమీటర్ల కింది దాకా ఉంచండి. ఆవిరైపోయిన నీటిని రెండు మూడు రోజులకోసారి పోస్తూ ఉండండి. నీళ్లు ఎత్తు నుంచి పడుతున్న జలజల శబ్దం కూడా దీంతోనే తగ్గుతుంది. అయితే శబ్దం పూర్తిగా పోవాలని పెదవిని నీళ్లలో ముంచేయకండి. పైపొర కాస్త కదులుతూ ఉండాలి.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లు మరో విషయం గమనించండి. మోత కరెంటు ఉన్నప్పుడు లేకుండా, ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే వస్తోందా? అలాగైతే ఫిల్టర్‌లో తప్పు లేదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు మెలమెల్లగా పెరిగి తగ్గే అలలా కాకుండా మెట్లు మెట్లుగా ఉంటుంది. కాయిల్ దానికి గట్టిగా గుయ్ మంటుంది, మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది కూడా. ప్యూర్ సైన్ వేవ్ రకం మీద ఈ బాధ ఉండదు. ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది తగిలించి ఫిల్టర్ వేగం తగ్గించాలని మాత్రం చూడకండి. ఈ మోటారు వేగం కరెంటు హెర్ట్జ్‌కు ముడిపడి ఉంటుంది. వోల్టేజీ తగ్గిస్తే వేగం తగ్గదు, పట్టు తప్పి ఆగిపోతుంది.

కంపనం విషయానికి వస్తే, హ్యాంగింగ్ ఫిల్టర్ డబ్బా కింద చాలా మోడళ్లలో ఒక మర ఉంటుంది. దాన్ని తిప్పుతూ డబ్బాను అద్దానికి సమాంతరంగా, నిటారుగా నిలబెట్టాలి. వాలిపోయి ఉంటే ఇంపెల్లర్ ఒక పక్కకే బరువు మోపుతుంది. డబ్బాకూ అద్దానికీ మధ్య పలచటి ఫోమ్ ముక్క, మూత తగిలే చోట ఇంకో ముక్క పెట్టండి. ట్యాంకు గోడకు ఆనుకుని ఉంటే వేలు దూరేంత జరపాలి. నీళ్లున్న ట్యాంకును నెట్టకూడదు, ఆ పని నీళ్లు తీసేసినప్పుడే. గాజు, చెక్క బల్ల, ఖాళీ అల్మారా ఇవన్నీ వీణకు సొరకాయ బుర్రలాగా చిన్న శబ్దాన్ని పెద్దది చేస్తాయి.

ఇదే మోతతో బాధపడే వేరే రకం ఫిల్టర్ల వాళ్లకు కూడా రెండు మాటలు. క్యానిస్టర్‌లో (ట్యాంకు బయట పెట్టి గొట్టాలతో కలిపే మూసిన డబ్బా ఫిల్టర్) మోత అంటే నేను ముందు గాలినే అనుమానిస్తాను. నడుస్తుండగానే డబ్బాను రెండు చేతులతో మెల్లగా అటూ ఇటూ వంచితే తలలో చిక్కుకున్న గాలి భళుక్కున బయటికి వస్తుంది. వచ్చి, రెండు రోజులకు మళ్లీ చేరుతుంటే ఎక్కడి నుంచో లోపలికి పీలుస్తోంది. నీళ్లు లాగే వైపు గొట్టం బిగింపులు, మూత కింది ఓ-రింగ్ (రబ్బరు వలయం) చూడండి. ఆ వైపు పగులు ఉంటే నీరు కారకుండా గాలి మాత్రమే లోపలికి పోవచ్చు, అందుకే కంటికి కనిపించదు. ఓ-రింగ్‌కు సిలికాన్ గ్రీజు రాయండి, పెట్రోలియం జెల్లీ కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. ఎయిర్ స్టోన్ గొట్టం నోటి దగ్గర ఉంటే దూరం జరపండి. లోపలి స్పాంజ్‌లు మూసుకుపోయినా పంపు నీళ్ల కోసం లాగి లాగి, నీళ్లలో కరిగి ఉన్న గాలినే బుడగలుగా బయటికి తెస్తుంది. ప్రవాహం తగ్గించుకోవాలంటే బయటికి వచ్చే వైపు వాల్వ్‌నే తిప్పాలి, లాగే వైపు ఎప్పుడూ పూర్తిగా తెరిచి ఉండాలి.

స్పాంజ్ ఫిల్టర్ ఎయిర్ పంపు గాలితోనే నడుస్తుంది కాబట్టి అది వాడేవాళ్లకు మోత చేసేది ఆ పంపే. ఎయిర్ స్టోన్ మూసుకుపోతే పంపు మీద ఒత్తిడి పెరిగి గోల చేస్తుంది, కొంతకాలానికి లోపల గాలిని నెట్టే రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరుగుతుంది. స్టోన్ తీసేసి గొట్టంతోనే నడిపి చూడండి, మోత తగ్గితే స్టోన్ మార్చాలి. పంపును ఫోమ్ మీద పెట్టడమో, తాడుతో వేలాడదీయడమో చేస్తే చాలా మేలు. నీటి మట్టం కంటే కింద పెడితే మాత్రం గొట్టంలో చెక్ వాల్వ్ (ఒక వైపుకే పోనిచ్చే వాల్వ్) తప్పనిసరి. లేకపోతే కరెంటు పోయినప్పుడు ట్యాంకు నీళ్లు గొట్టం గుండా పంపులోకి దిగుతాయి.

మళ్లీ మీ ఫిల్టర్ దగ్గరికి. బకెట్లో పెట్టిన స్పాంజ్, రింగుల గురించి నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువ భాగం వాటిని పట్టుకునే బతుకుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపలకు విషమే. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ల కింద స్పాంజ్‌ను తెల్లగా వచ్చేదాకా కడిగితే ఆ బ్యాక్టీరియా చాలావరకు పోతుంది. మోత తగ్గించబోయి చేపలను పోగొట్టుకునేది ఇలాగే. మీరు పోయిన వారం ఎలా కడిగారో చెప్పలేదు. కుళాయి నీళ్లతోనే కడిగి ఉంటే మోత కంటే ముందు అమ్మోనియా పరీక్ష చేయండి. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే మేత తగ్గించి, నాలుగో వంతు నీళ్లు రోజూ మార్చండి. పోసే నీళ్లకు క్లోరిన్ తీసే మందు కలపడం మరవొద్దు. ఆ రెండూ సున్నాకు వచ్చేదాకా ఇలాగే చేయాలి.

ఇక ముందు స్పాంజ్‌ను ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే పిండండి. స్పాంజ్, రింగులు ఒకే రోజు ముట్టుకోకుండా, రెండు వారాల తేడాతో చేయండి. ఇంపెల్లర్, గూడు మాత్రం కుళాయి కింద ఎంత తోమినా నష్టం లేదు. నెలకో రెండు నెలలకో ఒకసారి ఈ రెండింటినీ శుభ్రం చేసుకుంటే మోత మొదలయ్యే దాకా రాదు.

ఇన్నీ చేశాక కూడా గరగర పోకపోతే కొత్త ఇంపెల్లర్, షాఫ్ట్, బుష్‌లు కలిపి మార్చండి. అరిగిన షాఫ్ట్ మీద కొత్త ఇంపెల్లర్ పెడితే అది కూడా త్వరగా అరుగుతుంది. దానికీ లొంగకపోతే గూడు గోడే అరిగి వెడల్పయింది, అప్పుడు ఫిల్టర్ మార్చక తప్పదు. మోటారు డబ్బా ప్లాస్టిక్ పగిలినా, నీళ్లను ముట్టుకుంటే సన్నగా జిల్లుమన్నా ఇవేమీ ఆలోచించకండి. గోడ దగ్గరే కరెంటు ఆపి, ప్లగ్ తీసి, ఆ ఫిల్టర్‌ను మళ్లీ వాడకండి. దాని స్పాంజ్, రింగులను మాత్రం తడి ఆరనీయకుండా కొత్త ఫిల్టర్‌లోకి మార్చేయండి. అంత ప్రమాదం లేకుండా మోత కోసమే మారుస్తున్నట్టయితే, పాతదాన్ని వెంటనే తీసేయకుండా కొత్తదాని పక్కనే నాలుగు నుంచి ఆరు వారాలు నడపండి. పాతది ఆపాక మొదటి వారం రోజులు అమ్మోనియా, నైట్రైట్ రోజు విడిచి రోజు పరీక్షించండి.